రొయ్యల చీర, పేడనీళ్ళ పంపు

ఆ రోజు పెడనలో ఆ ఇంట్లో ఎవరెవరున్నారంటే, ముందుగా నాయనమ్మ నాగేశ్వరమ్మ. ఆవిడ ఒక్కతే ఉన్నా ఇల్లు నిండినట్టే ఉంటుంది. తర్వాత బాబాయి దుర్గాశ్రీనివాస్, చేతికి అతుక్కుపోయిన ఫోనుతో సహా. పూజ చేయించడానికి వచ్చిన శివరామయ్యగారు. ఆయన మనసు సగం మంత్రాల మీదా, సగం వంటింట్లో రుబ్బిపెట్టిన పెసరట్ల పిండి మీదా ఉంది. ఘంటసాల నుంచి మోటారు సైకిలు మీద వచ్చిన పంపు ఫిట్టరు శ్యాంబాబు. గోడ మీద ఫోటోలో తాత పాండురంగయ్య. ఆయన పోయి చాలా ఏళ్ళయినా ఇంట్లో ఏ తగువు వచ్చినా సాక్ష్యానికి ఆయన్నే పిలుస్తారు కాబట్టి ఉన్నట్టే లెక్క. అమ్మా నాన్నా గుడివాడలో పెళ్ళికి వెళ్ళారు. ఇక మిగిలింది సుమ. పదహారేళ్ళ పిల్ల. ఎవరైనా కొత్త మనిషి వస్తే ఆరేసిన బట్టల వెనక్కి వెళ్ళి నిలబడుతుంది. కలంకారీ అద్దకం చేసే ఇల్లు కాబట్టి ఆరేసిన బట్టలకి కొదవ లేదు, సుమకి దాక్కోవడానికి చోటుకీ కొదవ లేదు.

అయితే ఆ రోజు దాక్కోవడానికి వీల్లేదు. ఎందుకంటే ఆ రోజు తేలాల్సింది సుమ అచ్చు సంగతి.

వేసవి సెలవుల మొదట్లో సుమ నాగాయలంకలో వాళ్ళ అత్త ఇంటికి వెళ్ళి రొయ్యల చెరువులు చూసొచ్చింది. వచ్చి కాగితం మీద రొయ్యలు గీసింది. ఒకదాని తోక ఇంకొకటి పట్టుకుని పోతున్నట్టు, మీసాలు మెలికలు తిరిగి లతల్లా అల్లుకున్నట్టు. ఆ కాగితం అచ్చులు చెక్కే ఎలీషా తాతకి చూపిస్తే ఆయన కళ్ళజోడు పైకెత్తి నవ్వి, టేకు చెక్క మీద అచ్చంగా అలాగే చెక్కి ఇచ్చాడు. అది చూసి నాయనమ్మ గుండె పట్టుకుంది.

"నెమళ్ళు లేవా, చిలకలు లేవా, ఆఖరికి ఏనుగులు లేవా? రొయ్యలేంటే చీర మీద! మీ తాత మొహం ఎలా చూడమంటావు?"

తాతకి రొయ్యల వేపుడంటే ప్రాణమని, ఫోటోలో ఆయన మొహంలో కోపమేమీ కనిపించడం లేదని సుమ అనుకుంది. అనుకోవడం వరకే సుమ ధైర్యం.

బాబాయి అడ్డుపడితే చివరికి ఒక ఒప్పందం కుదిరింది. సుమ ఒక్క చీర అద్దుకోవచ్చు. ఉడకేశాక ఒక్క మరక లేకుండా వస్తే గోడ మీద తాత పాండురంగయ్య అచ్చుల వరసలో సుమ అచ్చుకీ ఒక మేకు కొడతారు. మరక పడితే అచ్చు పొయ్యిలోకి.

"టేకు కదా, బాగా మండుతుంది" అంది నాయనమ్మ, అప్పుడే చలి కాచుకుంటున్నంత హాయిగా.

సుమ చీర అద్దేసింది, ఆరబెట్టింది. అయితే అద్దకంలో గండమంతా జాడించడంలో ఉంటుంది. నలుపుతో గీతలు అద్దాక, ఎరుపు రావలసిన చోట పటిక అద్దుతారు. అది ఆరాక బట్టని పారే నీళ్ళలో జాడించాలి. పట్టింది పట్టగా మిగిలిన పటిక నీళ్ళ వెంట పోవాలి. నీళ్ళు పారకపోయినా, తడిసిన బట్ట మడత పడి ఒకచోట ఆగినా, ఆ పటిక పక్కకి పాకి అంటుకుంటుంది. అప్పుడేమీ కనిపించదు, బట్ట శుభ్రంగా అమాయకంగా ఉంటుంది. రంగు గంగాళంలో ఉడికాక మాత్రం ఆటలమ్మ పోసినట్టు ఒళ్ళంతా ఎర్ర మచ్చలు తేలతాయి.

ఏటా అందరూ కాలవలోనే జాడిస్తారు. ఇప్పుడు ఎండాకాలం, కాలవ కట్టేశారు. అందుకే బాబాయి బందరులో మూతపడిన ఒక ఐసు ఫ్యాక్టరీ నుంచి పాత పంపు కొనుక్కొచ్చాడు. పెరట్లో గుంట పక్కన సిమెంటు దిమ్మ కట్టి దాన్ని కూర్చోబెట్టాడు. గుంట నీళ్ళు ఒక పైపులోంచి పంపులోకి వస్తాయి, పంపు వాటిని ఇంకో పైపులోంచి పొడవాటి తొట్టిలోకి తోస్తుంది, తొట్టి చివర తూములోంచి కొబ్బరిచెట్ల పాదుల్లోకి పోతాయి. కాలవే ఇంటికొచ్చినట్టు. పంపు మాత్రం చూడ్డానికి గేదె పడుకున్నట్టుంది.

"ముందు ఏ బట్ట వేద్దాం?" అన్నాడు బాబాయి.

"పంపు మంచిదో చెడ్డదో తెలియదుగా. పోయినా పరవాలేదనుకునేది వెయ్యి. రొయ్యలు వెయ్యి" అంది నాయనమ్మ.

శ్యాంబాబు పాతికేళ్ళవాడు, మెడలో చిన్న సిలువ. చేపల చెరువుల మీద పంపులు బాగుచేసే పని. మనుషుల గురించి మాట్లాడినంత చనువుగా పంపుల గురించి మాట్లాడతాడు. రాగానే వసారాలో స్టార్టరు పెట్టె తెరిచి ఫ్యూజులు మూడూ ఊడబీకి చొక్కా జేబులో వేసుకున్నాడు. అప్పుడు గానీ పంపు దగ్గరికి వెళ్ళలేదు.

ఈలోపు నాయనమ్మ పంపుకి పసుపు రాసి, బొట్లు పెట్టి, పెద్ద బంతిపూల దండ తెచ్చి మోటారుకీ పంపుకీ మధ్య తిరిగే కడ్డీకి వేసింది. మెడలా ఉన్నది అదొక్కటే మరి.

"మామ్మగారూ, దండ తీసేయండి."

"ఏం? మీ మతం వాళ్ళు దండలు వెయ్యరా?"

"ఎందుకెయ్యం? ఇది తిరిగేటప్పుడు దండని లాక్కుంటుంది, దండతో పాటు మీ పైటని లాక్కుంటుంది, దాని వెనక మిమ్మల్నీ లాక్కుంటుంది. తర్వాత ఆ దండే మీ ఫోటోకి వెయ్యాల్సొస్తుంది."

నాయనమ్మ దండ తీసి గబుక్కున పక్కనున్న తాటి మొద్దుకి వేసింది. శ్యాంబాబు కడ్డీని చేత్తో పట్టుకుని తిప్పి చూస్తున్నాడు, లోపల ఎక్కడా పట్టేయకుండా తిరుగుతోందా అని. ఫోనులో పంపుని పొగుడుతూ వీడియో తీసుకుంటున్న బాబాయికి అదేమీ పట్టలేదు. స్టార్టరు దగ్గరికి వెళ్ళి స్టైలుగా పచ్చ బటను నొక్కాడు.

ఏమీ జరగలేదు. మళ్ళీ నొక్కాడు.

"నొక్కుకోండి బాబాయిగారూ, సరదా తీరా నొక్కుకోండి. కరెంటు నా జేబులో ఉంది" అన్నాడు శ్యాంబాబు, తల ఎత్తకుండానే. "నా చేతులు రెండూ నాకు కావాలండీ. ఇంకా పెళ్ళి కాలేదు."

బట్టల చాటునున్న సుమ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. శ్యాంబాబు తిరిగే కడ్డీ మీద ఇనప మూత బిగించాక, పంపు నెత్తిన ఉన్న గరాటులో బిందెతో నీళ్ళు పొయ్యడం మొదలుపెట్టాడు.

"పంపు కొత్తల్లుడి లాంటిదండీ. కడుపు నిండా పొయ్యందే కదలకూడదు. లోపల గాలి ఉంటే ఉత్తినే తిరిగి వేడెక్కి పాడైపోతుంది. బుడగలు ఆగిపోయేదాకా పొయ్యాలి."

పోశారు. బుడగలు ఆగలేదు. బిందెల మీద బిందెలు పోశారు. పోసినవి పోసినట్టు కిందికి జారిపోతున్నాయి. గుంటలో పైపు చివర నీళ్ళు వెనక్కి పోకుండా ఆపే ఫుట్ వాల్వు ఉంటుంది, దాని తోలు ఎండిపోయి కారుతోందని తేల్చాడు శ్యాంబాబు. బందరు వెళ్ళి కొత్త తోలు తేవాలి.

"ముహూర్తం దాటిపోతుంది" అన్నారు శివరామయ్యగారు, వంటింటి వైపు చూస్తూ. "తర్వాత రాహుకాలం."

"అయితే చెరువుల మీద చేసే వైద్యం చేద్దాం" అన్నాడు శ్యాంబాబు. "కాస్త పేడ ఉందా?"

చేపల చెరువుల దగ్గర అందరూ చేసే పనే అది. పేడ చిక్కగా కలిపి పంపులో పోస్తే ఫుట్ వాల్వు సందుల్లో కూరుకుని కారడం ఆగుతుంది. చెరువులో ఆ పేడ ఎవరికీ అడ్డం రాదు, చేపలు ఇంకా సంతోషిస్తాయి. ఈ నీళ్ళు చేపలకి కాదు చీరకి అన్న సంగతి ఆ హడావిడిలో ఎవరికీ తట్టలేదు. సుమకి తట్టింది. తట్టి, నోరు తెరిచి, కొత్త మనిషి తనవైపు చూడగానే మూసేసింది. నాయనమ్మ పక్కింటి గేదె దగ్గర్నుంచి బొక్కెనడు పేడ తెచ్చింది. పోశారు. నిజంగానే బుడగలు ఆగాయి.

శ్యాంబాబు ఫ్యూజులు పెట్టి, ఒక్క క్షణం వేసి ఆపి, మోటారు సరైన వైపే తిరుగుతోందని చూసుకున్నాడు. గుంట వైపు వాల్వు పూర్తిగా తెరిచి, తొట్టి వైపు వాల్వు చక్రం బిగించాడు.

"అదేంటి, నీళ్ళొచ్చే దారి మూసేస్తున్నావు?" అంది నాయనమ్మ.

"మూసే మొదలెట్టాలండీ. ఈ పంపు సంగతే అంత. తెరిచిపెట్టి వేస్తే నీళ్ళన్నీ ఒక్కసారి ఎగబడతాయి, మోటారు మొయ్యలేదు. మూసి వేసి, అది వేగం అందుకున్నాక మెల్లగా తెరవాలి. అలా అని మూసిపెట్టి కబుర్లు చెప్పుకోకూడదు, లోపల నీళ్ళు మరిగిపోతాయి."

నాయనమ్మ బుద్ధిగా తలూపింది. శ్యాంబాబు వసారాలో ఉన్న స్టార్టరు దగ్గరికి వెళ్ళడానికి గోడ మలుపు తిరిగాడో లేదో, ఆవిడ సుమ జబ్బ పట్టుకుంది.

"చక్రం తిప్పు."

"ఆయన మూసి ఉంచమన్నారు నాయనమ్మా."

"ఆయన పుట్టకముందు నుంచీ నేను కొబ్బరికాయలు కొడుతున్నాను. శుభమా అని మొదలెడుతూ దారి మూస్తారా ఎక్కడైనా? మీరు చెప్పండి శివరామయ్యగారూ."

"ప్రారంభంలో ద్వారం తెరిచి ఉండడమే శ్రేయస్కరం" అన్నారు ఆయన. శాస్త్రంలో పంపుల గురించి ఏముందో ఆయనకి తెలియదు. పెసరట్ల విషయంలో ఆలస్యం పనికిరాదని మాత్రం తెలుసు.

సుమ జీవితంలో నాయనమ్మకి కాదని చెప్పిన రోజు లేదు. చక్రం చివరంటా తిప్పేసింది.

కొబ్బరికాయ పగిలింది. బాబాయి "మొదలూ!" అని ఫోను ఎత్తి పట్టుకున్నాడు. వసారాలో బటను నొక్కిన చప్పుడైంది.

తొట్టి దగ్గర పైపు చివర రబ్బరు గొట్టం ఉంది. దాన్ని బాబాయి సైకిలు ట్యూబు ముక్కలతో కట్టాడు. నీళ్ళు ఒక్క ఊపున వచ్చి దాన్ని గుద్దాయి. కట్లు ఊడి గొట్టం తాచుపాములా లేచింది. మొదట శివరామయ్యగారిని చూసింది. ఆయన్ని నెత్తి నుంచి పంచె అంచు దాకా పేడనీళ్ళతో అభిషేకించి బాబాయి వైపు తిరిగింది. బాబాయి వీడియో ఆపకుండానే గుంటలో పడ్డాడు. ఆ తర్వాత అది తీరిగ్గా, పక్కన వెదురు గడ మీద వేసి ఉన్న రొయ్యల చీరని ఈ చివరి నుంచి ఆ చివరికి తడిపింది. అప్పుడు వసారాలో టప్‌మని చప్పుడై మోటారు ఆగిపోయింది.

శ్యాంబాబు పరుగెత్తుకొచ్చాడు. తెరిచి ఉన్న వాల్వు చూశాడు.

"ఎవరు తిప్పారు దీన్ని?"

శివరామయ్యగారు కళ్ళు తుడుచుకుంటున్నారు. నాయనమ్మ ఆకాశం చూసింది. "గాలికి తిరిగిందేమో" అంది. ఆ ఇనప చక్రం తిప్పడానికి రెండు చేతులు కావాలి. ఆకు కూడా కదలడం లేదు.

సుమ చీర వైపు చూసింది. పచ్చటి చుక్కలు కారుతున్నాయి. తడిసిపోయింది, మడతల మీద ఉంది, నీళ్ళు పారడం లేదు. లోపల పటిక పాకడం మొదలుపెట్టే ఉంటుంది.

"నేనే తిప్పాను" అంది. మాట అంత గట్టిగా ఎలా వచ్చిందో దానికే తెలియదు. "తిట్లు తర్వాత తిట్టండి. ముందు నీళ్ళు కావాలి. చీర ఆగకూడదు."

శ్యాంబాబు మోటారు మీద చెయ్యి పెట్టి చూశాడు. "కాలిపోతోంది. చల్లారాలమ్మా. ఇప్పుడు వేస్తే చీరా ఉండదు, మోటారూ ఉండదు. అందాకా చీర మడతలు ఒకదానికొకటి తగలకుండా విప్పి పట్టుకోండి." మళ్ళీ ఫ్యూజులు జేబులోకి వెళ్ళాయి. అతను వాల్వు మూసి, గొట్టానికి ఈసారి ఇనప క్లిప్పు బిగించే పనిలో పడ్డాడు. బాబాయి గుంటలో ఫోను వెతుక్కుంటున్నాడు. శివరామయ్యగారు ఒంటికి అంటిన పేడతో చీర ముట్టుకోవడానికి పనికిరారు, స్నానానికి వెళ్ళారు. ఇక మిగిలింది నాయనమ్మే.

అలా ఎండలో ఆ చివర నాయనమ్మా ఈ చివర సుమా, మధ్యలో పేడనీళ్ళు కారుతున్న చీర. బిగించి పట్టుకుని నిలబడ్డారు. చూడ్డానికి ఇంకేమీ లేక నాయనమ్మ రొయ్యల్ని చూడసాగింది.

"మీసాలు ఇంత పొడుగేంటే?"

"అంతే ఉంటాయి నాయనమ్మా."

"నాకు చెప్పొచ్చావా! నేను ఒలిచినన్ని నువ్వు తిన్నావా?" కళ్ళు చికిలించి మళ్ళీ అంది. "నెత్తి మీద ముల్లు పెట్టలేదు."

"పెట్టాను. కొంగు దగ్గర చూడు."

నాయనమ్మ వంగి చూసింది. "ఊఁ. కాళ్ళు సరిగ్గానే లెక్కపెట్టావు." చీర కాస్త వదులైంది. "లాగి పట్టుకోవే, వంకర మొహమా! మడత పడుతోంది!" అని ఆవిడే గట్టిగా అరిచింది.

పేడ గురించి మాత్రం ఆవిడ ఆగకుండా తిట్టింది. శ్యాంబాబుని తిట్టింది, పక్కింటి గేదెని తిట్టింది, ఐసు ఫ్యాక్టరీని తిట్టింది. తెచ్చిందెవరో ఎవరూ గుర్తుచెయ్యలేదు.

మోటారు చల్లారింది. శ్యాంబాబు గరాటులో ఈసారి మంచినీళ్ళు పోసి, బుడగలు లేవని చూసి, చీర ఈ చివరని గుంటలోంచి వచ్చిన బాబాయికి అప్పగించి, సుమని వాల్వు దగ్గర నిలబెట్టాడు. "నువ్వే తెరువు. నేను చెప్పాక. కొంచెం కొంచెంగా. ఓణీ నడుముకి చుట్టి దోపుకో." వెళ్ళేముందు నాయనమ్మ వైపు తిరిగి, "మామ్మగారూ, గాలి వస్తే కాస్త పట్టుకోండి" అన్నాడు.

మోటారు గుర్రుమని లేచి, ఒకే స్వరం మీద నిలబడింది. "ఊఁ" అన్నాడు శ్యాంబాబు. సుమ చక్రాన్ని కొద్దిగా తిప్పింది. తొట్టిలోకి బొటనవేలంత ధార పడింది. ఇంకొంచెం తిప్పింది. మొదట పచ్చగా, తర్వాత మట్టి రంగుగా, తర్వాత తేటగా నీళ్ళు వచ్చాయి. తొట్టి నిండా పారసాగాయి. చీరని దించి పట్టుకుంటే అది నీళ్ళ వెంట సాగి, రొయ్యలన్నీ ఎదురీదుతున్నట్టు కదిలాయి.

"ఇక్కడ చుక్కలు కారుతున్నాయి, బిగించు" అంది నాయనమ్మ పంపు వైపు వేలు చూపిస్తూ.

"అక్కడ చుక్కలు పడాలండీ. కడ్డీ ఒరుసుకోకుండా ఆ నీళ్ళే చల్లబరుస్తాయి. పూర్తిగా బిగిస్తే కాలిపోతుంది. దయచేసి దాని జోలికి పోకండి."

జాడించడం అయ్యాక ముందు వాల్వు మూసి, తర్వాతే మోటారు ఆపారు. చీరని ఎండలో ఇసక మీద పరిచారు. లేత ఎరుపూ కాని, తెలుపూ కాని ఆ బట్టని ఎంతసేపు చూసినా ఏమీ తెలియలేదు. సుమకి పెసరట్టు గొంతు దిగలేదు. శివరామయ్యగారికి ఆ ఇబ్బంది లేదు.

మధ్యాహ్నం రాగి గంగాళం పొయ్యి మీదకెక్కింది. నాయనమ్మ సుమ అచ్చుని తెచ్చి, పొయ్యిలో పెట్టే సౌదల పక్కనే, అందరికీ కనిపించేలా పెట్టింది. రంగు మరుగుతుంటే చీర వేసి కర్రతో తిప్పుతూ కూర్చుంది. ఎవరినీ తిప్పనివ్వలేదు. శ్యాంబాబు ఇంటికి వెళ్ళాల్సినవాడు వెళ్ళకుండా గుమ్మంలో కూర్చున్నాడు. పేడ ఐడియా తనదే కాబట్టి అతని మొహంలోనూ నెత్తురు చుక్క లేదు. "చర్చిలో ప్రార్థన చేయించమని మా అమ్మకి ఫోను చెయ్యనా?" అని సుమని గుసగుసగా అడిగాడు. సుమ వద్దనలేదు.

నాయనమ్మ కర్రతో చీరని పైకెత్తింది. నీళ్ళలో ముంచి, పిండకుండా, ఇద్దరూ కలిసి గడ మీద వేశారు.

ఎర్రటి రొయ్యలు. అప్పుడే వేపుడులోంచి తీసినంత ఎరుపు. నల్ల గీతలు సన్నగా, మీసాలు విడివిడిగా. మధ్య బట్టంతా పాల మీగడలా ఉంది. నాయనమ్మ కొంగు నుంచి మొదలుపెట్టి ముక్కు ఆనించి చూసుకుంటూ పోయింది. వెనక్కి తిప్పి చూసింది. వెలుగుకి పట్టి చూసింది. మరక కోసం అంత వెతుకుతుంటే మరకకే జాలేసి ఎక్కడో ఒకచోట కనిపించాలి. కనిపించలేదు.

"మామూలుగా కాలవలో జాడించినా ఇంత తెల్లగా రాదు" అన్నాడు బాబాయి, నోరు తెరిచి.

"పేడనీళ్ళు మరి!" అంది నాయనమ్మ, నడుం మీద చేతులు పెట్టుకుని. "మా అత్తగారి రోజుల్లో పటిక అద్దిన బట్టని ముందు పేడనీళ్ళలోనే ముంచేవాళ్ళు. పట్టని పటికంతా పేడ లాగేసుకుంటుంది. మీకేం తెలుసు? నాకు ముందే తెలుసు."

ముందే తెలిస్తే పక్కింటి గేదెని అన్ని తిట్లు ఎందుకు తిట్టిందో ఎవరూ అడగలేదు. శ్యాంబాబు మాత్రం, "అవునండీ, అందుకేగా నేను పేడ అడిగింది" అని దర్జాగా బండెక్కి వెళ్ళిపోయాడు.

సుమ సౌదల పక్కనుంచి అచ్చు తీసి ఓణీతో తుడిచి, గుండెకి పెట్టుకుంది. అడగడానికి మాటలు కూడదీసుకునేలోపు నాయనమ్మే అంది.

"ఏంటలా చూస్తావు? మేకు ఆ డబ్బాలో ఉంది. నెమలి పక్కన కొట్టు. వంకరగా కొట్టావంటే పీకేస్తాను."

సుమ కొట్టింది. వంకరగానే వచ్చింది. అచ్చు తగిలించి, దూరంగా నిలబడి చూసుకుంది. నెమలీ రొయ్యలూ పక్కపక్కన ఉంటే నెమలే కాస్త ఇబ్బంది పడుతున్నట్టుంది.

సాయంత్రానికి చీర ఆరిపోయింది. మడత పెడదామని సుమ వెళ్ళేసరికి గడ మీద చీర లేదు. నాయనమ్మ గదిలో అద్దం ముందు నిలబడి ఉంది, చీర భుజం మీద. కొంగు ముందుకి లాక్కుని, వెనక్కి వేసుకుని, రొయ్యల్ని అటూ ఇటూ తిప్పి చూసుకుంటోంది. సుమ గుమ్మంలో ఆగిపోయింది. అద్దంలో ఇద్దరి కళ్ళూ కలిశాయి.

"నా ఎర్ర జాకెట్టు ఎక్కడ పెట్టావే?"

"దండెం మీద ఉంది. నాయనమ్మా, కుచ్చిళ్ళు నేను పెట్టనా?"

"నాకు రాదనుకున్నావా? పెద్ద చెప్పొచ్చింది" అంటూ నాయనమ్మ వచ్చి, దాని మొహం మీదే తలుపు వేసేసుకుంది.